పై అంతస్తు స్లాబు వేడికి ఏది మందు: సున్నమా, తెల్ల పెయింటా, టైల్సా, ఫాల్స్ సీలింగా?

రాత్రి తొమ్మిదిన్నరకు అన్నం తిని మంచమెక్కితే ఫ్యాను ఐదు మీద పెట్టినా పైనుంచి ఉడుకు గాలే కొడుతుంది. బయట వాకిట్లోకి వస్తే జర చల్లగానే ఉంటుంది, మళ్లీ గదిలోకి పోతే పొయ్యి పక్కన కూర్చున్నట్టు. నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, ఇటు జడ్చర్ల, పాలమూరు, వనపర్తి... ఎక్కడైనా సరే, పై అంతస్తు స్లాబు కింద పడుకునేవాళ్లకు ఏప్రిల్ నుంచి మృగశిర దాకా ఇదే గోస. మే నెలలో మా నల్లగొండలో 43, 44 డిగ్రీలు మామూలు విషయం, రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్నది ఉత్త సామెత కాదు.

ఇల్లు ఎప్పుడో కట్టేశాం, కూలగొట్టి మళ్లీ కట్టలేం. ఉన్న ఇంటికే ఏదో ఒకటి చేయాలి. పెయింటు షాపుకు పోతే పెయింటే మందు అంటాడు, టైల్స్ షాపువాడు టైల్స్ అంటాడు, ఫాల్స్ సీలింగ్ చేసేవాడు "సార్, రెండు రోజుల్లో కూల్ చేసి పెడతా" అంటాడు. నేను వీటిలో మూడింటికి పైసలు పెట్టాను, ఒకదానికి దండగ పెట్టాను. ఆ అనుభవం, అడిగి తెలుసుకున్నవి కలిపి రాస్తున్నా.

ముందు జబ్బు ఏందో చూద్దాం

ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఒక చదరపు మీటరు డాబా మీద దాదాపు 1000 వాట్ల ఎండ పడుతుంది. వెయ్యి చదరపు అడుగుల స్లాబంటే 93 చదరపు మీటర్లు. అంటే వెయ్యి వాట్ల హీటర్లు తొంభైకి పైగా తెచ్చి డాబా మీద పరిచి స్విచ్ వేసినట్టే. పాతబడి నల్లబడ్డ సిమెంటు అందులో సగం కంటే చాలా ఎక్కువే తాగేస్తుంది. అయితే ఐదంగుళాల కాంక్రీటు ఆ వేడిని వెంటనే కిందికి వదలదు, నాలుగైదు గంటలు కడుపులో దాచుకొని నిదానంగా దించుతుంది. మధ్యాహ్నం రెండింటి ఎండ రాత్రి ఏడింటికి మన నెత్తి మీదికి దిగుతుంది, సరిగ్గా అందరం ఇంటికి చేరే టైముకు.

పాలమూరు వైపు పాత మట్టి మిద్దెల్లో పడుకున్నవాళ్లకు ఈ బాధ తెలియదు. దూలాల మీద అడుగు మందం మట్టి, పైన చవుడు. వేడి కిందికి దిగేసరికి అర్ధరాత్రి దాటేది, ఆలోపు మిద్దె పైభాగం చల్లబడిపోయేది. అట్లని మిద్దెలు మళ్లీ కట్టుకుందామని చెప్పడం లేదు. ఏటా వానలకు ముందు చవుడు మోసి పోసే పని ఎంత కష్టమో మా నాయనమ్మ చెబుతుంటే విన్నా. కాకపోతే సూత్రం అక్కడే ఉంది.

ఉన్న ఇంటికి చేయగలిగేవి మూడే: ఎండ స్లాబు మీద పడకుండా నీడ పెట్టడం, పడ్డ ఎండను తిప్పి పంపడం, తాగిన వేడి గదిలోకి దిగకుండా అడ్డం పెట్టడం. షాపులో ఏ పేరుతో అమ్మినా ఈ మూడింటిలో ఒకటే. నా లెక్కలో స్లాబు పైన పెట్టే రూపాయి, స్లాబు కింద పెట్టే రెండు రూపాయలతో సమానం. ఎందుకో కింద చెబుతా.

పైసలు తీసే ముందు తేల్చుకోవాల్సినవి

మొట్టమొదట, వేడి నిజంగా పైకప్పు నుంచే వస్తుందా? రాత్రి ఎనిమిదింటికి ఫ్యాను ఆపి, స్టూలెక్కి సీలింగుకు అరచేయి ఆనించండి. తర్వాత దిగి పడమటి గోడకు ఆనించండి. గోడ ఎక్కువ కాలుతుంటే డాబా మీద ఎంత పోసినా సగం ఫలితమే, ముందు ఆ గోడకు నీడ చూడాలి. నాకు తెలిసిన ఒకాయన డాబా మొత్తం పెయింటు వేయించి కూడా ఉడుకు తగ్గలేదని తిట్టుకుంటుంటే పోయి చూశాం: పడమర వైపు ఆరడుగుల గాజు కిటికీ, పైన సజ్జ కూడా లేదు.

రెండోది, గదిలో ఏసీ ఉందా లేదా. ఇది చాలామంది పట్టించుకోరు కానీ ఎంపిక మొత్తం దీని మీదే తిరుగుతుంది. థర్మాకోల్ లాంటి అడ్డం ఇంటిని చల్లబరచదు, వేడి రాకపోకలను నెమ్మది చేస్తుంది, అంతే. ఏసీ ఉంటే లోపలి చల్లదనం పోకుండా కాపాడుతుంది కాబట్టి బ్రహ్మాండం. ఏసీ లేకుండా, కిటికీలు మూసుకొని పడుకునే ఇంట్లో అయితే కిటికీల నుంచి, గోడల నుంచి వచ్చిన వేడిని కూడా అదే లోపల బంధించి పెడుతుంది. ఏసీ లేనివాళ్లు ముందు ఎండను తిప్పికొట్టే పని చేసి, రాత్రిళ్లు కిటికీలు తీసి పెట్టుకోవాలి.

మూడోది, స్లాబు ఆరోగ్యం. కురుస్తుందా, పగుళ్లున్నాయా, ఎక్కడైనా పెచ్చులూడి చువ్వ కనిపిస్తుందా? ఇవి ఉంటే ముందు ఆ వైద్యం చేయాలి. కురిసే స్లాబు మీద ఏం వేసినా బురద మీద ముగ్గే.

నాలుగోది, పైన ఇంకో అంతస్తు వేస్తారా? మన దగ్గర సగం ఇళ్ల మీద పిల్లర్ చువ్వలు ఆకాశంలోకి చూస్తూనే ఉంటాయి, "పిల్లోడి పెళ్లికి వేద్దాం" అని. నిజంగా రెండు మూడేళ్లలో వేసే ఉద్దేశముంటే టైల్స్ జోలికి పోవద్దు, సున్నంతో నెట్టుకు రండి.

ఇక డాబాను దేనికి వాడతారు, మిరపకాయలు, వడియాలు ఎండబోస్తారా, పిల్లలు ఆడతారా, కోతులు వస్తాయా. నవ్వకండి, కోతుల సంగతి ఈ లెక్కలో చాలా పెద్దది.

సున్నం

అన్నిటికంటే చవక, అన్నిటికంటే ముందు చేయాల్సింది. రాయి సున్నం తెచ్చి రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పొద్దున పలచటి గుడ్డలో వడకట్టి, పట్టు కోసం ఫెవికాల్ లాంటి జిగురు కలిపి రెండు మూడు పూతలు కొట్టడమే. ఒక పూత ఆరాక ఇంకోటి. సున్నం నీళ్లలో వేసినప్పుడు కుతకుత ఉడుకుతుంది, పిల్లల్ని దగ్గరికి రానీయొద్దు, కళ్లద్దాలు పెట్టుకోకుండా కలపొద్దు. కంట్లో పడితే చిన్న విషయం కాదు.

మధ్యాహ్నం సున్నం కొట్టిన చోట ఒట్టి కాళ్లతో నిలబడొచ్చు, కొట్టని చోట అడుగు పెట్టలేం. నేను మొదటిసారి మా పడకగది మీద మాత్రమే కొట్టి, పక్కగది వదిలేసి వారం రోజులు చూశాను. రాత్రి రెండు గదుల సీలింగులకు చేయి ఆనిస్తే తేడా ఎవరూ చెప్పక్కర్లేదు, మా అమ్మ తన మంచం తనే ఆ గదిలోకి మార్పించుకుంది. పెద్ద ఖర్చులోకి దిగే ముందు మీరూ ఇట్లా ఒక గదికి చేసి చూడండి. తేడా తెలిస్తే మీ జబ్బు పైకప్పుదే, తెలియకపోతే వేరే చోట వెతకాలి. వందల రూపాయల్లో అయ్యే పరీక్ష ఇది.

లోపం ఏమిటంటే సున్నం వానకు కారిపోతుంది. ఒక వానాకాలం దాటాక పొడలు పొడలుగా మిగులుతుంది, కాబట్టి ఏటా శివరాత్రి, ఉగాది మధ్యలో కొట్టాల్సిందే. కాళ్లకు, బట్టలకు అంటుతుంది, వడియాలు పెట్టుకునేవాళ్లకు చిరాకు. కురవడం ఆపదు. కానీ కిరాయి ఇంట్లో ఉండేవాళ్లకు, పైన అంతస్తు వేయబోయేవాళ్లకు దీన్ని మించింది లేదు. ఓనర్‌ను అడిగి కొట్టుకోండి, ఎవరూ కాదనరు.

కూల్ రూఫ్ పెయింటు

సున్నం చేసే పనే, కాకపోతే గట్టిగా, కొన్నేళ్లపాటు. మంచి తెల్ల పూత కొత్తగా ఉన్నప్పుడు పడిన ఎండలో నూటికి ఎనభై వంతుల దాకా తిప్పి పంపుతుంది. డబ్బా మీద ఎస్‌ఆర్‌ఐ అని ఒక అంకె ఉంటుంది: ఎండలో పూత ఎంత తక్కువ వేడెక్కుతుందో చెప్పడానికి ప్రామాణిక నలుపుకు 0, ప్రామాణిక తెలుపుకు 100 అని పెట్టుకున్న కొలత అది. ఆ అంకె అసలే లేని డబ్బా కొనొద్దు. "హీట్ ప్రూఫ్" అని పెద్దక్షరాల్లో రాసి అంకె చెప్పనిది ఉత్త తెల్ల రంగు అనుకోండి.

మన తెలంగాణ 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది, 2028 దాకా. సర్కారు భవనాలకు, వాణిజ్య భవనాలకు, 600 చదరపు గజాలు ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు తప్పనిసరి, అంతకంటే చిన్న ఇళ్లకు మన ఇష్టం. అప్పుడు మంత్రి కె.టి.ఆర్. చెప్పిన ఖర్చు చదరపు మీటరుకు 300 రూపాయలు, అంటే అడుగుకు 28 రూపాయల లెక్క. ఇప్పుడు మీ ఊళ్లో అడిగితే పెయింటు రకాన్ని బట్టి, స్లాబును కడిగి పగుళ్లు పూడ్చే పనిని బట్టి అంతకంటే పైకే చెప్పొచ్చు.

పెయింటు విషయంలో పని చేసే తీరే సగం. స్లాబును బ్రష్షుతో రుద్ది, పాచి గీకి, కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి. కొత్తగా ప్లాస్టరింగ్ చేసిన స్లాబైతే మూడు నాలుగు వారాలు ఆగాలి. మధ్యాహ్నం మండే స్లాబు మీద పూస్తే పై పొర టక్కున ఆరిపోయి లోపల పట్టు దొరకదు, ఆర్నెల్లలో అట్టలు అట్టలుగా లేస్తుంది. మా వీధిలో ఒకరికి ఇట్లాగే అయింది. పనివాళ్లు పదకొండింటికి వచ్చి నాలుగింటికల్లా రెండు పూతలు ముగించి పోయారు, వానాకాలం వెళ్లేసరికి దోసె అంచు లేచినట్టు లేచింది.

ఇక దుమ్ము. రోడ్డు పక్కన, క్రషర్ల దగ్గర, మిల్లుల దగ్గర ఉండే ఇళ్లకు ఏడాది తిరిగేసరికి తెలుపు బూడిద రంగుకు మారుతుంది, మారిన మేరకు పని తగ్గుతుంది. ఎండాకాలం మొదట్లో ఒకసారి చీపురుతో రుద్ది కడిగితే చాలావరకు తిరిగి వస్తుంది. ఇంకోటి, తడిస్తే కొన్ని పెయింట్లు జారతాయి, ముసలివాళ్లు బట్టలు ఆరేసే డాబా అయితే ఇసుక పట్టు ఉన్న రకం అడగండి. మధ్యాహ్నం డాబా ఎక్కితే కళ్లు చెదురుతాయి, అది భరించాల్సిందే. చలికాలం ఇల్లు ఇంకా చల్లబడుతుందేమోనని అడుగుతుంటారు. మన సంక్రాంతి చలి ఎన్ని రోజులు? దుప్పటి ఇంకోటి కప్పుకుంటే సరిపోతుంది.

తెల్ల టైల్స్

టైల్స్ మంచి పని, ఒక్కసారి వేస్తే ఏళ్ల తరబడి చూసుకోనక్కర్లేదు, తుడిస్తే మళ్లీ తెలుపు, మిరపకాయలు హాయిగా ఎండబోయొచ్చు. అతుకులు సరిగ్గా నింపి వాలు సరిగ్గా పెడితే నీళ్లు నిలవవు. పగిలిన టైల్స్ ముక్కలతో చేసే చైనా మొజాయిక్ కూడా ఇదే జాతి, ఇంకా చవకగా పడుతుంది. దానికి చేయి తిరిగిన మేస్త్రి కావాలి.

కానీ చాలామంది మోసపోయేది ఇక్కడే: ఉత్త తెల్ల టైల్ ఎండను తిప్పికొడుతుంది కానీ అడ్డం కాదు. "టైల్ వేశాం కదా మందం పెరిగింది" అంటే రెండంగుళాల మాలు ఆపేది ఏమీ లేదు, కాంక్రీటుకు అన్నదమ్ముడే అది. అసలు లాభం దాని కింద ఎక్స్‌పీఎస్ అనే గట్టి ఫోము షీటు వేయించినప్పుడు వస్తుంది. లెక్క చెప్తా. ఉత్త స్లాబు గుండా ఒక చదరపు మీటరుకు, పైకీ లోపలికీ మధ్య ఒక్కో డిగ్రీ తేడాకు మూడున్నర వాట్ల చొప్పున వేడి దిగుతుంది. పైన 25 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ వేస్తే ఒక వాటుకు కొంచెం లోపు, 50 మిల్లీమీటర్లు వేస్తే అర వాటు చుట్టూ. దేశంలో కొత్త ఇళ్ల కోసం 2018లో వచ్చిన ఎకో నివాస్ సంహిత అనే కేంద్ర నియమావళి పైకప్పుకు పెట్టిన హద్దు 1.2 వాట్లు, అంటే అంగుళం షీటుతోనే ఆ హద్దు లోపలికి వచ్చేస్తాం. రెండో అంగుళంతో వచ్చే లాభం మొదటి అంగుళమంత ఉండదు. ఏసీ రోజూ నడిచే ఇంటికి 50, మిగతావాళ్లకు 25 చాలు.

వరస ఇది: స్లాబు కడిగి పగుళ్లు పూడ్చడం, వాటర్ ప్రూఫింగ్, మడవ కట్టి రెండు రోజులు నీళ్లు నిలబెట్టి చూడడం, షీటు పరచడం, పైన మెష్ వేసి రెండంగుళాల మాలు వాలుతో, దాని మీద టైల్. పండుగలకు డెకరేషన్‌కు వాడే తెల్ల థర్మాకోల్ తెచ్చి "ఇదీ అదే సార్" అనే మేస్త్రి ఉంటాడు. అదీ అడ్డమే కానీ మెత్తగా నలిగిపోతుంది, నీళ్లు పీలుస్తుంది, పైన మాలు పగుళ్లిస్తుంది. ఎక్స్‌పీఎస్ గట్టిగా, నున్నగా, సాధారణంగా రంగులో ఉంటుంది, గోటితో నొక్కితే గుంత పడడం కష్టం.

బరువు చూసుకోండి. రెండంగుళాల మాలు, టైల్ కలిపితే చదరపు మీటరుకు వంద కిలోలు దాటుతుంది. మనుషులు తిరిగే డాబాకు మన దేశపు ప్రమాణం మనుషులకు, సామానుకు కలిపి పెట్టిన బరువు లెక్కే చదరపు మీటరుకు 150 కిలోలు. ముప్పై ఏళ్ల స్లాబు, కింద పెచ్చులూడుతోంది అంటే ఇంజనీరుకు చూపించకుండా టైల్స్ వేయొద్దు. అదే కారణంతో డాబా నిండా అరడుగు మట్టి పోసి తోట పెట్టే ఆలోచన కూడా మానుకోండి. తడిసిన మట్టి అరడుగు మందానికి చదరపు మీటరుకు దాదాపు పావు టన్ను తూగుతుంది. కుండీలు దూలాల మీద, గోడల మీద పడేలా వరసగా పెట్టుకుంటే తప్పు లేదు.

ఫాల్స్ సీలింగ్ (నేను దండగ పెట్టింది)

చూడ్డానికి బాగుంటుంది, లైట్లు అందంగా వస్తాయి, దుమ్ము ధూళి లేకుండా రెండు రోజుల్లో అయిపోతుంది. నేను మొదట చేసిన తప్పు ఇదే, డాబా వదిలేసి గదిలో జిప్సం సీలింగ్ వేయించా. వేడి కొంచెం ఆలస్యంగా దిగింది, ఆగలేదు. స్లాబు పైన ఎప్పట్లాగే కాలుతుంది, కింద గాలి మధ్యలో చిక్కి ఉడుకుతుంది, ఆ ఉడుకు రాత్రంతా బోర్డు నుంచి దిగుతూనే ఉంటుంది. ఫ్యాను అడుగు కిందికి వచ్చింది, గది ఎత్తు తగ్గి ఉక్కపోత పెరిగినట్టయింది.

అసలు దెబ్బ రెండో వానాకాలంలో. ఒకరోజు మూలన టీ మరక అంత పసుపు వచ్చింది. వారానికి చేటంత అయింది. మేస్త్రిని పిలుస్తా పిలుస్తా అనుకుంటుండగానే ఒక రాత్రి రెండున్నరకు తడిసిన బోర్డు ముక్క మంచం చివర దబ్బున పడింది. దేవుడి దయ, పిల్లలు అటువైపు తలపెట్టి లేరు. మిగతాది విప్పితే పైన ఎలుకల సంసారం, వైర్లు రెండు చోట్ల కొరికి ఉన్నాయి. స్లాబు ఎప్పటి నుంచో కురుస్తున్నా ఆ అందమైన సీలింగ్ మాకు కనపడనీయలేదు. స్లాబు కింద పెట్టే రెండు రూపాయలు ఒక రూపాయి అని అందుకే అన్నాను.

అయినా దీనికి చోటు ఉంది. అపార్ట్‌మెంటులో చివరి అంతస్తు, డాబా మీద మీ మాట చెల్లదు, లోపల ఏసీ నడుస్తుంది అంటే ఇదే దారి. అప్పుడు ఉత్త బోర్డు కాకుండా పైన రెండంగుళాల రాక్‌వూల్ (రాతి పీచుతో చేసిన దుప్పటి లాంటిది) పరిపించండి. రాక్‌వూల్ కాలదు. థర్మాకోల్ అయితే మంట అంటుకుంటుంది, నల్లటి పొగ కక్కుతుంది, వైర్ల పక్కన దాన్ని పెట్టడం నాకైతే ధైర్యం కాదు. దాని బదులు గ్లాస్‌వూల్ (గాజు పీచు) వేస్తే, ఒంటికి తగిలితే దురద, పని చేసేవాళ్లకు మాస్కు, చేతి తొడుగులు ఇవ్వండి. ఒక మూల విప్పి చూసే తలుపు పెట్టించడం మర్చిపోవద్దు.

నీడ: నెట్టు, రేకుల షెడ్డు, సోలార్

ఆకుపచ్చ నెట్టు మంచిదే, ఎండను పడకముందే ఆపుతుంది, డాబాకు నాలుగైదు అడుగుల పైన కడితే కింద గాలి ఆడి స్లాబు చల్లబడుతుంది. స్లాబుకు ఆనించి పరిస్తే సగం ఫలితం పోతుంది. మాకు ఒక ఏప్రిల్ పని చేసింది, మే మొదటి గాలిదుమారానికి ఒక పక్క ఊడింది, మిగతాది కోతులు ఉయ్యాల ఊగి పీలికలు పీలికలుగా చేశాయి. కోతుల్లేని ఊరైతే వేసుకోండి.

డాబా మీద ఇనుప రేకుల షెడ్డు నీడకు నీడ, పెళ్లిళ్లకు, వడ్లు, పత్తి పెట్టుకోవడానికి చోటు. బరువూ తక్కువ. ఖర్చు మాత్రం టైల్స్‌కు తగ్గదు, స్తంభాలు స్లాబుకు ఉత్త నట్లతో బిగించి వదిలేస్తే దుమారం వచ్చిన రోజు ఎవరి ఇంటి మీద పడుతుందో తెలియదు. మున్సిపాలిటీ, పంచాయతీ అనుమతి సంగతి ముందే కనుక్కోండి. షెడ్డు నాలుగు వైపులా మూసేసి గది చేస్తే మాత్రం లాభం పోతుంది, కింద స్లాబుకు ఉడుకు గాలి దుప్పటి కప్పినట్టవుతుంది.

సోలార్ పెట్టే ఆలోచన ఎట్లాగూ ఉంటే దాని నీడ ఉచితం. ఒక కిలోవాటుకు దాదాపు వంద చదరపు అడుగుల చోటు పడుతుంది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు 30,000, మూడు ఆపైన మొత్తం 78,000 రూపాయల సబ్సిడీ అని నిర్ణయించారు. పడకగది మీద వచ్చేలా పెట్టించండి, దక్షిణానికి వాలుతో. నీడ కోసమే సోలార్ పెట్టడం మాత్రం తిక్క లెక్క.

సాయంత్రం బకెట్లతో నీళ్లు కొట్టడం అందరం చేస్తాం. ఆవిరయ్యే లీటరు నీళ్లు ఒక యూనిట్ కరెంటులో మూడింట రెండు వంతులంత వేడిని తీసుకుపోతాయి, కాబట్టి పని చేస్తుంది. బోరు ఎండే ఏప్రిల్‌లో మాత్రం కాదు, పగుళ్లున్న స్లాబు మీద అసలే కాదు.

సిమెంటు రేకుల ఇల్లు అయితే

ఇక్కడ లెక్క వేరు. రేకుకు కడుపు లేదు, పదింటికే కాలుతుంది, పొద్దుగూకిన గంటకే చల్లబడుతుంది. రాత్రి కంటే పగలే నరకం. రేకుల పైన సున్నమో తెల్ల పెయింటో కొట్టడం మొదటి పని. కానీ రేకు మీద కాలు పెట్టొద్దు, పగిలి కింద పడి నడుములు విరిగినవాళ్లున్నారు. అడ్డంగా పలక వేసుకొని, మొలలున్న వరస మీద బరువు పడేలా, ఇంకో మనిషి కింద నిచ్చెన పట్టుకొని ఉండగా మాత్రమే చేయాలి. సిమెంటు రేకుల్లో చాలావాటిలో ఆస్‌బెస్టాస్ అనే ప్రమాదకరమైన పీచు ఉంటుంది. పొడిగా ఉన్నప్పుడు గీకడం, రంపంతో కోయడం, డ్రిల్లు వేయడం చేయొద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో పడితే పోదు. నీళ్లు చల్లి తడిపి మెత్తగా కడగాలి.

లోపల సీలింగ్ కట్టిస్తే రేకుకు, సీలింగుకు మధ్య అడుగు ఖాళీ ఉంచి, రెండు కొసలా గాలి పోయేలా జాలీ పెట్టండి. వెండి రంగు ఫాయిల్ షీటు ఇక్కడ బాగా పని చేస్తుంది, ఒక షరతు, దానికీ రేకుకూ మధ్య ఖాళీ గాలి ఉండాలి, అతికించేస్తే దాని మెరుపు దండగ. పల్లెల్లో రేకుల మీదికి సోరకాయ తీగ పాకిస్తారు చూడండి, అది వట్టి కూరగాయల కోసం కాదు. పైన గడ్డి కప్పడం కూడా చల్లదనమే కానీ నిప్పు, తేళ్లు, పాములు... మీ ఇష్టం. పైసలుండి రేకులు మార్చే పనైతే మధ్యలో ఫోము ఉండే పఫ్ ప్యానెళ్లు చూడండి.

పెంకుటింటి వాళ్లకు నేను చెప్పేది తక్కువ, పగిలిన పెంకులు మార్చుకోండి, ఉన్నంతలో మీరే అదృష్టవంతులు.

ఒక్క చూపులో

| ఏది | ఖర్చు | ఎన్నాళ్లు | బరువు | ఎవరికి నప్పుతుంది | ఎవరికి వద్దు |
|---|---|---|---|---|---|
| సున్నం | చాలా తక్కువ | ఒక ఎండాకాలం | లేనట్టే | కిరాయివాళ్లు, పైన కట్టబోయేవాళ్లు | డాబా రోజూ వాడేవాళ్లు |
| కూల్ పెయింటు | మధ్యస్థం | కొన్నేళ్లు, ఏటా కడిగితే | లేనట్టే | ఏసీ లేని సొంత ఇల్లు | కురిసే స్లాబు |
| ఉత్త తెల్ల టైల్స్ | ఎక్కువ | చాలా ఏళ్లు | ఎక్కువ | డాబా బాగా వాడేవాళ్లు | పాత బలహీన స్లాబు |
| ఎక్స్‌పీఎస్ మీద టైల్స్ | చాలా ఎక్కువ | చాలా ఏళ్లు | ఎక్కువ | రోజూ ఏసీ నడిచే ఇల్లు | పైన అంతస్తు వేసేవాళ్లు |
| రాక్‌వూల్ సీలింగ్ | ఎక్కువ | కురవకపోతే చాలా ఏళ్లు | తక్కువ | అపార్ట్‌మెంటు చివరి అంతస్తు | ఏసీ లేని, ఎత్తు తక్కువ గది |
| నెట్టు | తక్కువ | ఒకటి రెండేళ్లు | లేనట్టే | కోతుల్లేని ఊరు | గాలిదుమారం ఎక్కువ ఉండే చోటు |

మీరు ఎవరైతే ఏం చేయాలి

సొంత ఇల్లు, ఏసీ లేదు, స్లాబు బాగుంది, చేతిలో ముప్పై నలభై వేలు ఉన్నాయంటే కూల్ పెయింటే. మిగిలిన పైసలతో ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించి, రాత్రి పది తర్వాత ఉత్తరం కిటికీ తీసి నడపండి. ఎండాకాలం మన గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కూలర్ బాగా పని చేస్తుంది, దానికీ కిటికీ తెరిచే ఉండాలి.

రెండు ఏసీలు, ఎండాకాలం బిల్లు చూస్తే గుండె దడ, ఇంకో ఇరవై ఏళ్లు ఇదే ఇల్లు అనుకునేవాళ్లు ఎక్స్‌పీఎస్ వేసి టైల్స్ వేయించుకోండి. మొత్తం డాబాకు పైసలు చాలకపోతే ఏసీ గదుల మీద మాత్రమే, అంచులు రెండడుగులు బయటికి వచ్చేలా చేయించొచ్చు. వాలు మాత్రం మొత్తం డాబాకు కలిపి ఆలోచించాలి, లేకపోతే మధ్యలో చెరువు తయారవుతుంది.

ముసలి అమ్మానాన్న పై గదిలో ఉంటున్నారు, చేతిలో పెద్దగా పైసల్లేవు అంటే వాళ్లను ఎండాకాలం మూడు నెలలు కింది అంతస్తుకు దించండి. వినరని తెలుసు. వినకపోతే ఈ వారమే సున్నం కొట్టించండి, సోలార్ సబ్సిడీ, టైల్స్ ఆఫరు అని లెక్కలు వేసుకుంటూ మే దాకా సాగదీయొద్దు.

మేస్త్రితో బేరమాడేటప్పుడు అడుగు రేటులో స్లాబు కడగడం, పగుళ్లు పూడ్చడం, నీళ్లు నిలబెట్టి చూడడం కలిసి ఉన్నాయో లేదో కాగితం మీద రాయించుకోండి. డబ్బాలు మీ ఎదురుగా తెరవమనండి, ఖాళీ డబ్బాలు లెక్కపెట్టుకోండి. పెయింటులో నీళ్లు డబ్బా మీద చెప్పినదానికంటే ఎక్కువ పోస్తే రోలర్ నుంచి బొట్లు బొట్లుగా కారుతుంది, కాసేపు పక్కన నిలబడితే మీకే తెలుస్తుంది. పని టైము పొద్దున ఆరు నుంచి తొమ్మిదిన్నర, మళ్లీ సాయంత్రం ఐదు తర్వాత. ఈ టైములకు ఒప్పుకోని మేస్త్రి ఎంత తక్కువకు చేసినా నాకు వద్దు.

మా ఇంటి సంగతి అడుగుతారేమో: ఇప్పుడు పడకగదుల మీద అంగుళం ఎక్స్‌పీఎస్, పైన తెల్ల టైల్స్. వంటగది, హాలు మీద పెయింటు. మెట్ల గది మీద ఇప్పటికీ సున్నమే, అది ఏటా నేనే కొడతా.